పాలల్లో పడిన బెల్లం

2000 దాటిన కొత్తల్లో నేను తమిళనాడు ధర్మపురి కాలేజీలో మైక్రోబయాలజీ చదివినాను. మొరప్పూర్ పక్క మా ఊరినుంచి దినమూ బస్సులో పోయి వచ్చేదాన్ని. ఎవరి ప్రయోగం బాగా వస్తే వాళ్లను సేలం సెమినార్‌కు పంపిస్తానని ఆఖరి ఏడాది మా మేడం చెప్పింది. నాకు ఎట్లయినా పోవాలని ఉండె. ఆ ధ్యాసలో కూడు గూడా సయించలేదు.

ప్రయోగం చిన్నదే. పాలల్లో ఉండే చక్కెరను తినాలంటే బ్యాక్టీరియాకు ఒక ఎంజైమ్ కావాల. దాన్ని తయారుచేయించే జీన్ ఊరికే పనిచేయదు, పాలచక్కెర దొరికితేనే మొదలుపెడుతుంది. ఎంజైమ్ పుట్టిందంటే మేము వేసే మందుకు నీళ్లు పసుప్పచ్చగా తిరుగుతాయి. ల్యాబులో పాలచక్కెర సీసా ఖాళీ. మా ఆవు పాలు తెస్తానని నేనే ఎగేసుకుని చెప్పినాను. నిమ్మరసంతో పాలు విరగ్గొట్టి, తేట వడగట్టి, మరిగించి చల్లార్చి, అందులో బ్యాక్టీరియా వేసినాను.

రెండు గంటలైనా పసుపు రాలేదు.

"చచ్చిపోయి ఉంటాయిమ్మా," అనింది మేడం.

చచ్చిపోతే ట్యూబు అంత మబ్బుగా ఎందుకుంటుంది? అవి ఏదో తిని బాగానే పెరుగుతున్నాయి. ఇంటికి పోతూనే అమ్మను అడిగినాను, పాలల్లో ఏమన్నా కలిపితివా అని.

"బెల్లం వేస్తి. గడప దాటే పాలను ఊరికే పంపిస్తారా? ఆవుకు దిష్టి తగలదా?"

మా ఇండ్లల్లో అది ఎప్పుడూ ఉండేదే. పక్కింటికైతే చిటికెడు వేస్తారు. కాలేజీలో అంతమంది పిల్లలు చూస్తారని అమ్మ ఏకంగా పెద్ద గడ్డే వేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. నీవల్ల నా సేలం పోయిందని నోటికొచ్చినట్టు అన్నాను. అమ్మ రాగులు చెరిగేకి పోయింది.

కోపం దిగినాక పాఠం గుర్తొచ్చింది. బెల్లంలో గ్లూకోజ్ ఉంటుంది. సులభంగా తినే గ్లూకోజ్ ఉన్నంతసేపూ పాలచక్కెర జీన్ దాదాపు నిద్రే. పొద్దున మేడంకు జరిగింది చెప్పినాను. ఆమె నవ్వి, మిగిలిన తేటతోనే మళ్లీ చెయ్యి, అరగంటకొకసారి చూడు అనింది. బ్యాక్టీరియా పెరిగినాయి, తర్వాత గ్లూకోజ్ అయిపోయి పెరగకుండా ఆగిపోయినాయి. కొంతసేపటికి మళ్లీ పెరగబట్టినాయి, ఈసారి పసుపు వచ్చింది. పుస్తకంలో గీత గీసి చూపించిన ఆ ఆగడం నా ట్యూబులోనే కనబడింది.

"సేలంకు నువ్వే పో," అనింది మేడం.

ఆ సాయంత్రం అమ్మ సంగటి గెలుకుతా ఉంటే పక్కన కూర్చుని, ట్యూబులో జరిగిందంతా చెప్పి, నిన్న నోరు పారేసుకున్నానమ్మా అన్నాను. ఆమె అది పట్టించుకోలేదు.

"బెల్లం అయిపోయిందని వాటికి ఎవరు చెప్తారే?" అనింది.

గ్లూకోజ్ తగ్గితే కణం లోపల ఒక చిన్న పదార్థం పెరుగుతుందనీ, అది జీన్‌ను పనికి తోస్తుందనీ, జీన్‌కు అడ్డంగా కూర్చున్న కాపలాను పాలచక్కెర లేపేస్తుందనీ, రెండూ జరిగితేనే ఎంజైమ్ బాగా పుడుతుందనీ చెప్పినాను.

"మీ నాయన గూడా అంతే. పాయసం కంటబడితే సంగటి ముట్టడు," అనింది.

సేలంలో నేను చెప్పడం ముగించగానే ముందు వరసలో ఒక పెద్దాయన లేచినాడు. గ్లూకోజ్ అయిపోయిందని కణానికి ఎట్ల తెలుస్తుందని తమిళంలో అడిగినాడు. మా అమ్మ అడిగిందే. అమ్మకు చెప్పిన జవాబే చెప్పి కూర్చున్నాను.