అప్ప కంట్లో నేను వేసిన చుక్కలు

ఆ రోజు తెల్లవారుజామున మా అప్ప చేతిలోని కొక్కెం కర్రను ఇసుకలో పడేసి, ఎడమ కన్ను మూసుకుని బట్టీ దగ్గరికి నడిచి వచ్చింది. ఆమె పనిని మధ్యలో వదిలి రావడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. అప్పుడే నాకు అర్థం కావలసింది.

మాది ఒడిశాలో ఛత్రపూర్‌కూ ఆర్యపల్లికీ మధ్య ఇసుకనేలల్లో చిన్న ఊరు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాం. మేము అక్కను అప్ప అంటాం. బావ పోయాక అప్ప నా దగ్గరే ఉంటోంది. వానాకాలంలో ఇక్కడ మొగలి పూస్తుంది. అందరూ కేవడా అంటారు. పువ్వును చీకటితో కోసి, వాసన పోకముందే రాగి డేగిసాలో వేసి ఉడికించి, ఆ ఆవిరిని చల్లార్చి అత్తరూ కేవడా నీరూ దింపాలి. బట్టీ నాది. పువ్వు కోయడంలో అప్పకు సాటి లేదు.

"ఏటైందప్పా?" అన్నాను.

"పువ్వు లాగుతుంటే ఎండాకు ఇరిగి కంటి మీద కొట్టిందిరా. ముల్లు గీసినట్టుంది. సూడు."

రెప్ప ఎత్తి చూశాను. కొంచెం ఎరుపు, అంతే. మా బట్టీల వాళ్లకు ఒక అలవాటు ఉంది. పొగకు కళ్లు మండితే డేగిసా నుంచి దిగిన కేవడా నీరు రెండు చుక్కలు వేసుకుంటాం. మరిగి దిగిన నీరు కదా, దానికన్నా శుద్ధమైనది ఏముంటుందని నమ్మకం. ఆ నీరు ఎన్నాళ్లుగా ఏ సీసాలో నిలవ ఉందో ఎవరూ అడగరు. అదే వేశాను.

"ఆసుపత్రికి ఎల్దామేటి?" అంది అప్ప.

"ఇప్పుడు పువ్వు ఆగదు కదప్పా. జోరు తగ్గనీ, ఎల్దాం."

"పువ్వు ఆగదు గాని, కన్ను ఆగుతాదేటి?" అంటూ నవ్వింది. ఆమె నవ్వింది కాబట్టి నేనూ నవ్వేశాను.

మూడో రోజుకు కన్ను బాగా ఎర్రబడింది. నీరు కారుతోంది, వెలుతురు చూడలేకపోతోంది. అంతకుముందు ఏడాది నా కళ్లు పొగకు ఎర్రబడినప్పుడు ఒక మందుల దుకాణంలో చుక్కల మందు ఇచ్చారు. నాకు ఒక్క పూటలో తగ్గింది. అందులో మిగిలింది తెచ్చి అప్ప కంట్లో వేశాను. మర్నాటికి ఎరుపు సగం పోయింది.

"నువ్వు డాక్టరు సదవాల్సింది తమ్ముడా, తప్పి పొయ్యి కాడ పడ్డావు," అంది అప్ప. నేను పొంగిపోయాను. అది అయిపోతే అదే మందు ఇంకొకటి కొన్నాను. పది రోజులు వేశాను. ఆ పది రోజులూ ఆమె పువ్వు కోస్తూనే ఉంది.

పదకొండో రోజు నల్లగుడ్డు మీద బియ్యపు నూకంత తెల్లమచ్చ కనిపించింది. ఆ కంటితో నా ముఖం పొగమంచులో ఉన్నట్టుందని చెప్పింది. అప్పుడు బరంపురం బస్సెక్కాం.

కంటి ఆసుపత్రిలో చూసిన డాక్టరమ్మ ఒడియా ఆవిడే. బరంపురంలో పుట్టి పెరిగిన మనిషి కాబట్టి తెలుగు బాగా మాట్లాడేది. అప్పను మావుసీ, అంటే పిన్నీ, అని పిలిచింది. దీపం పెట్టి చాలాసేపు చూసి, నా వైపు తిరిగి మొదటి ప్రశ్న వేసింది.

"ఇప్పటిదాకా కంట్లో ఏం వేశారు?"

"ఏమీ వెయ్యలేదండి. కేవడా నీరు రెండు చుక్కలు, అంతే."

ఆలస్యం చేశానని తిడుతుందని భయపడ్డాను. మందు సీసా నా జేబులోనే ఉంది.

"ఇది కార్నియల్ అల్సర్, నల్లగుడ్డు పొర మీద పుండు. ఆకు గీరిందంటున్నారు కాబట్టి ఫంగస్ అని నా అనుమానం. స్క్రాపింగ్ చేసి చూస్తాను," అంది. కంటికి మత్తుచుక్క వేసి, పుండు అంచున సన్నని పరికరంతో గీకి, ఆ కాస్త పదార్థాన్ని గాజుపలక మీద పెట్టింది. కంటికి కనబడనంత పిసరు. దానిలో ఏం తెలుస్తుందో నాకు అర్థం కాలేదు. ఆ మాటే అన్నాను.

"రండి, మీరే చూడండి," అని మైక్రోస్కోప్ దగ్గరికి తీసుకెళ్లింది.

ఆ చూసినది నేను ఈ జన్మలో మరిచిపోను. మసక వెలుతురులో గాజు దారాలు. సన్నగా, తిన్నగా సాగి, కొంతదూరం పోయాక కొమ్మల్లా చీలి, ఆ కొమ్మలు మళ్లీ చీలి. ప్రతి దారంలో వెదురు కణుపుల్లా అడ్డగీతలు. నాకు రోగం అంటే చీము, కుళ్లు అనే తెలుసు. ఇంత పద్ధతిగా, ఇంత నాజూకుగా ఉన్నది మా అప్ప కన్ను తినేస్తున్నదంటే నమ్మబుద్ధి కాలేదు.

"ఇది మీ మీద పగతో రాలేదు," అంది డాక్టరమ్మ. "రాలిన ఆకును మట్టి చేయడం దీని పని. ఇది లేకపోతే మీ తోటలో ఆకులు కొండలా పేరుకుపోతాయి. ముల్లుతో పాటు కంట్లోకి వచ్చింది. దానికి ఆకూ కన్నూ తేడా తెలియదు."

"మందుతో చావదా అండి?"

"చస్తుంది, కానీ మెల్లగా. బాక్టీరియా కన్నా ఫంగస్ మనకు దగ్గర చుట్టం. దాని కణం కట్టుబడి మన కణంలాగే ఉంటుంది. దాన్ని చంపి మనల్ని వదిలేసే మందులు కొన్నే ఉన్నాయి."

అప్పను ఆసుపత్రిలోనే ఉంచుకుని, నాటమైసిన్ అనే చుక్కలు గంటకోసారి వేయమన్నారు. నేను గడియారం చూసుకుంటూ వేశాను. అది పాలలా తెల్లగా ఉండి కంట్లో పేరుకునేది. రెండో రోజు మధ్యాహ్నం నొప్పికి అప్ప మంచం పట్టీ పట్టుకుని వణికిపోయింది.

"ఒరే తమ్ముడా, ఆ ముందటి సుక్కలే నయంరా. ఏస్తే సల్లగా ఉండేది."

ఎవరూ చూడకుండా ఆ చుక్కలు వేసి, సీసాను దిండు కింద దాచాను. నొప్పి తగ్గింది. మర్నాడూ వేశాను. మూడు రోజులు రెండు మందులూ పడ్డాయి.

ఐదో రోజు డాక్టరమ్మ దీపం పట్టుకుని చూసి ముఖం చిట్లించింది. తెల్లమచ్చ రెండింతలైంది. దాని అంచులు ఈకల్లా చీలి పక్కలకు పాకాయి. గుడ్డు లోపల చీము కట్టింది. "ఇంతలో ఇంత పెరగకూడదే," అని తనలో తాను అనుకుంది. అప్పటికి కల్చర్ ఫలితం కూడా వచ్చింది. గాజుపళ్లెంలో తెల్లని దూదిలాంటి బూజు. పళ్లెం తిప్పి చూపిస్తే అడుగున లేత వంగపువ్వు రంగు. ఫ్యుజేరియం అని పేరు చెప్పింది. ఆ పిసరులోంచి నాలుగు రోజుల్లో పళ్లెం నిండింది.

అప్పుడే దుప్పటి మారుస్తున్న నర్సుకు దిండు కింద సీసా దొరికింది. డాక్టరమ్మ దాని పేరు చదివింది.

"స్టెరాయిడ్! ఎవరు వేశారిది?"

నేను గోడ వైపు జరిగాను.

"నానే ఏసుకున్నానమ్మా," అంది అప్ప. "నొప్పి ఓర్సుకోలేక."

డాక్టరమ్మ ఆమెను గట్టిగానే మందలించింది. "మావుసీ, కన్ను ఎర్రబడేది ఎందుకో తెలుసా? నీ ఒంట్లోని కాపలావాళ్లు అక్కడికి పరుగెత్తి పోరాడుతున్నారు కాబట్టి. ఈ మందు వాళ్ల చేతులు కట్టేస్తుంది. ఎరుపు తగ్గితే రోగం తగ్గినట్టు కాదు. దొంగకు తలుపు తీసినట్టు."

అప్ప తల ఊపుతూ అన్నీ వింది. నేను గోడకు ఆనుకుని నేల చూస్తూ నిలబడ్డాను. యాభై ఏళ్లకు దగ్గరపడిన మనిషిని, అక్క కొంగు చాటున దాక్కున్నాను.

మందులతో అది లొంగలేదు. గుడ్డు చిల్లుపడే దశకు వస్తే, చనిపోయిన వారెవరో దానం చేసిన కార్నియా తెచ్చి కుట్టారు. ముఖం తెలియని మనిషి కంటిపొర మా అప్ప కంటికి అడ్డంగా నిలబడి ఫంగస్ లోపలికి పోకుండా ఆపింది. కన్ను నిలిచింది. చూపు నిలవలేదు. కొన్ని నెలలకు ఆ పొర మసకబారింది. ఇప్పుడు ఆ కంటికి వెలుతురూ, చెయ్యి ఆడిస్తే నీడా తెలుస్తాయి.

ఊరికి వచ్చాక అడిగిన వాళ్లందరికీ నేను చెప్పింది ఇది: "బరంపురంలో ఏదో తెల్లమందు పోసి కన్ను పాడు చేశారు." అప్ప వింటూ ఉండగానే చెప్పాను. ఆ మాట ఊళ్లు దాటింది.

రెండేళ్ల తరువాత మా మేనబావ గురవయ్యకు కంట్లో మొగలాకు కొట్టింది. అతనిది పక్క ఊరే, సముద్రం మీద వేటకు పోని రోజుల్లో పువ్వు కోస్తాడు. కన్ను కట్టుకుని మా బట్టీ దగ్గర కూర్చున్నాడు. చుట్టూ పువ్వు తెచ్చినవాళ్లు ఉన్నారు.

"బరంపురం ఎల్లు బావా, బేగి," అన్నాను.

"ఎల్లి, మీ అప్పలాగ అయిపోమంటావేటి? నువ్వే కదేటి సెప్పినావు! నీకాడ ఎర్రకళ్ల మందుందంట కదా, అది రెండు సుక్కలెయ్యి."

అప్ప పువ్వు రేకులు విప్పుతోంది. తల ఎత్తి నా వైపు ఒక్కసారి చూసింది.

"ఆసుపత్రోళ్లు పాడుసెయ్యలేదు బావా," అన్నాను. "ఆ ఎర్రకళ్ల మందే పాడుసేసింది. ఏసింది నాను. ఆసుపత్రిలో కూడా దొంగతనంగా ఏసినాను. తప్పు అప్ప తన మీద ఏసుకుంది."

గురవయ్య, "మరి ఇన్నాళ్లు ఆ నోట్లో ఏటెట్టుకున్నావు, మొగలిపువ్వా?" అని లేచాడు. ఆ రోజే ఇద్దరం బస్సెక్కాం. అతని కంట్లోనూ అవే దారాలు ఉన్నాయి. కానీ ఆలస్యం ఒక్కరోజే, స్టెరాయిడ్ కూడా పడలేదు. ఆరు వారాల నాటమైసిన్‌తో పుండు మానింది. చిన్న మచ్చ మిగిలింది. వల కన్నులు తానే కుట్టుకుంటున్నాడు. ఆ వెళ్లినప్పుడే డాక్టరమ్మకు కూడా నిజం చెప్పాను. ఆమె "ఆ రోజు చెప్పి ఉంటే, బహుశా..." అని ఆగిపోయింది. ఆ ఆగిపోయిన మాటను నేను ఇప్పటికీ మోస్తున్నాను.

అప్ప ఇప్పుడు కోతకు వెళ్లదు. ఒంటికన్నుతో కొమ్మ ఎంత దూరమో అంచనా అందదు. పువ్వు కోసేవాళ్లకు నేను కళ్లద్దాలు తెచ్చిపెట్టాను. పెట్టుకోనివాళ్లను ఆమె పొదల దగ్గరికి పోనివ్వదు. ఇదంతా రాస్తానని చెప్పినప్పుడు, "రాయి. నానే ఏసుకున్నానని సెప్పినాను సూడు, అది అబద్దమని కూడా రాసీ. డాక్టరమ్మ నన్ను ఉత్తినే తిట్టింది," అంది.

రాశాను. పొలంలోనో పొదలోనో కంటికి ఆకు గీరితే, ఎరుపు ఉన్నా లేకపోయినా అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. అంతకుముందే ఏమైనా వేసి ఉంటే ఆ సీసాను వెంట తీసుకెళ్లి, డాక్టరు అడగకముందే బల్ల మీద పెట్టండి. తిట్లు ఒక పూటలో అయిపోతాయి.