సగం రాసిన మెసేజీ

ఇబ్రహీంపట్నం దగ్గరి ఇంజినీరింగ్ కాలేజీలో నేను ఆపరేటింగ్ సిస్టమ్స్ చెబుతాను. మెమరీ పాఠం రాగానే ఏటా ఒకే మాట: ఫోనులో చోటు చాలకపోతే సిస్టమ్ ముందుగా వెనకాల పడి ఉన్న యాప్‌లను చంపుతుంది, కళ్లముందున్న దాని జోలికి చివర్లో వస్తుంది.

"చంపేముందు దానికి చెప్తదా మేడం?" అని మొన్న ఒకమ్మాయి అడిగింది.

"చెప్పదు" అని బోర్డు వైపు తిరిగిపోయాను.

మా ఆయన బస్టాపులో కుప్పకూలి ప్రాణం విడిచిన రోజు ఆయన ఫోనులో నాకు రాస్తున్న మెసేజీ సగంలో ఉంది. "సాయంత్రం వచ్చేటప్పుడు". అంతే. పక్కన కర్సర్ కొట్టుకుంటోంది. అదో పాత యాప్. పంపేదాకా రాసింది ఎక్కడా దాచదు, మెమరీలో ఉన్నంతసేపే ఉంటుంది. నా ఫోనుతో ఫోటో తీసి పెట్టుకున్నాను గానీ ఫోటోలో కర్సర్ కదలదు. పంపేస్తే మాట అక్కడితో అయిపోతుంది. పంపనంతకాలం ఆయన ఇంకా రాస్తున్నట్టే. ఇంత చదువుకుని సిగ్గులేకుండా అదే నమ్మాను. పది నెలలు ఆ ఫోనును చార్జర్ నుంచి తీయలేదు, ఇంకో యాప్ తెరవలేదు. కాలేజీ నుంచి వచ్చాక ఇంకెవరి మొహమూ చూడని రోజులే ఎక్కువ.

ఒక ఆదివారం పొద్దుటి నుంచి కరెంటు లేదు. నా ఫోను ఆగిపోయింది. కింద ఇంటి ఓనరు పెద్దమ్మ కేక వేసింది.

"బిడ్డా, జర జల్ది రా! పాము కరిచింది!"

పక్కింటి ఆటో అతను అప్పటికే పామును కట్టెతో కొట్టి చంపాడు.

"ఫోటో తియ్యి అక్కా, ఏం పామని దవాఖానల అడుగుతరు. నా ఫోన్ల కెమెరా పోయింది."

చార్జింగు ఉన్నది ఆయన ఫోను ఒక్కటే. కెమెరా ఎంత మెమరీ మింగుతుందో నాకు తెలియనిదా? వేలు ఆగింది. పెద్దమ్మ పాదం వాచిపోతోంది. తీశాను.

డాక్టరు ఫోటో చూసి సూదిమందు ఇచ్చాడు. సాయంత్రానికి పెద్దమ్మ లేచి కూర్చుని, "నువ్వు తిన్నవా బిడ్డా?" అంది. ఆ మాట నన్ను ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో.

ఇంటికొచ్చి ఆ యాప్ తెరిచాను. ఖాళీ. కర్సర్ మాత్రం ఏమీ ఎరగనట్టు కొట్టుకుంటోంది. వెక్కివెక్కి ఏడ్చాను. తర్వాత ఆ రెండు మాటలూ నేనే రాసి పంపేశాను.

కాసేపటికి కరెంటొచ్చింది. నా ఫోను చార్జింగుకు పెట్టి తెరవగానే టింగుమంది. పైన ఆయన పేరు, కింద "సాయంత్రం వచ్చేటప్పుడు".

"ఏం తేవాలి?" అని జవాబు రాశాను. నా ఎడమ చేతిలో ఆయన ఫోను మోగింది.