చిన్నవే గాని పిల్లలు కావు

మా లోయలో గున్‌వోర్ లిల్లెవిక్‌ను డాక్టరమ్మ అన్నవారు తక్కువ. చేప కడుపులు చూసే పిల్ల అంటేనే అందరికీ తెలుస్తుంది. ఆమెకు అరవై దాటినా ఆ పిలుపు మారలేదు. చేపల శాస్త్రంలో డాక్టరేట్ చేసి, ఉత్తరాన పట్నంలో ఉద్యోగం చేసినా, ఆమె పరిశోధన అంతా పుట్టిన ఊరి సరస్సు మీదే సాగింది.

ఆ సరస్సు సొంత చేప ట్రౌట్. చార్ చేపను మా తాతలు బకెట్లతో తెచ్చి వదిలారు. గున్‌వోర్ పనిలో చేరేనాటికి ట్రౌట్ దాదాపు కనుమరుగైంది; వేలెడు చార్ చేపలు మాత్రం గుంపులుగా మిగిలాయి. కారణం మా మంచితనమే. పెద్ద చేపను తిని, చిన్నదాన్ని పెరగనిమ్మని నీళ్లలో వదలడం ఇక్కడ తరతరాల మర్యాద.

ఎన్నో కడుపులు కోసి చూశాక ఆమెకు వేరే సంగతి తేలింది. పెద్ద ట్రౌట్‌లు చిన్న చార్‌లను తింటాయి. ఆ పెద్దవాటిని మనం తినేశాం. అదుపు తప్పిన చార్ గుంపులు నీటిలోని సన్నపురుగులను ఊడ్చేసి, ట్రౌట్ పిల్లలకు తిండి లేకుండా చేసి, తామూ ఆకలితో గిడసబారాయి. కనుక చిన్నవాటిని పట్టి, పెద్ద ట్రౌట్‌ను వదలాలి. ఊరి చేపల సంఘం ఒప్పుకోనిదే సరస్సులో చేపలు పట్టే బోను ఒక్కటీ వేయరాదు. బోను పడకపోతే ట్రౌట్ మిగలదు.

సంఘం పెద్ద ఎడ్విన్ ఆమెకు పినతండ్రి. కాఫీ చల్లారేదాకా విని అన్నాడు: "ఏమే, పసిపిల్లల్ని చంపి ముసలాళ్లని బతికించమంటావా? చదువు బాగానే ఒంటబట్టింది నీకు."

"అవి పసిపిల్లలని ఎవరన్నారు బాబాయ్? నువ్వే ఒకటి తీసివ్వు. అన్నిట్లోకీ చిన్నది."

ఆమె తెచ్చిన చేపల బకెట్లో ఆయన చాలాసేపు వెదికి, చూపుడువేలంత చార్‌ను ఇచ్చాడు. ఆమె ఆ చేప తల చీల్చి, చేపలకు లోచెవిలో పెరిగే చిన్న రాయిని తీసి, వెంట తెచ్చిన సూక్ష్మదర్శిని కింద పెట్టింది. చెట్టు మానులోలాగే అందులోనూ ఏటికొక వలయం పడుతుంది. ఎడ్విన్ తనే లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"ఇది వయసులో మా కుక్కకన్నా పెద్దదే," అన్నాడు చివరకు. "సరే, వెయ్యి నీ బోన్లు. ట్రౌట్ రాకపోతే మాత్రం ఈ ఊళ్లో నీకు కాఫీ పుట్టదు."

వేసవి తరవాత వేసవి ఊరంతా బోన్లు లాగాం. చార్‌ను కుక్కలు తిన్నాయి, ఎరువుగా బంగాళదుంప చేలు తిన్నాయి, మేమూ తిన్నాం. ట్రౌట్ జాడ లేదు. "మీ ముసలాళ్లు ఇంకా రాలేదా?" అని దుకాణంలో వేళాకోళం. "దారిలో ఉన్నారు," అని ఆమె నవ్వేది. నిజం చెప్పాలంటే అప్పటికి సాక్ష్యం ఆమె పక్షాన లేదు. ఆ సంగతి మాకంటే ఆమెకే బాగా తెలుసు.

ఒక శరత్కాలపు ఉదయం ఎడ్విన్ వలలో మూరెడు ట్రౌట్ పడింది. ప్రాణంతోనే తొట్టిలో వేసి, ఆమెను ఒడ్డుకు పిలిపించాడు.

"కోస్తే గాని నీ మాట తేలదు కదా," అన్నాడు. "ఎలాగూ కోశాక వండుకోవచ్చు."

"కొయ్యక్కర్లేదు బాబాయ్."

ఆమె సన్నని గొట్టాన్ని చేప నోట్లోకి జార్చి, నీళ్లు మెల్లగా ఎక్కించింది. పళ్లెంలోకి మూడు చార్ చేపలు జారిపడ్డాయి. ఒకదాని తోక ఇంకా చెక్కుచెదరలేదు.

"వాంతి చేయించావా తల్లీ," అన్నాడు ఎడ్విన్, పళ్లెం మీదికి వంగి.

"ఒక్కదానితో తేలదు. ఇంకా చూడాలి," అంది గున్‌వోర్.

ఎడ్విన్ ట్రౌట్‌ను రెండు చేతులా సరస్సు నీళ్లలో నిలబెట్టి, మొప్పలు ఆడేదాకా పట్టుకున్నాడు.

"పో," అన్నాడు దానితో. "నీ భోజనం పాడుచేశాం. లోపల చార్‌లు కావలసినన్ని ఉన్నాయి, పట్టుకో."