మైపాడు ఇసుకలో మద్రాసుది

మా నాయన గుర్రాలకు లాడాలు కొట్టేవాడు. నెల్లూరులో జట్కా స్టాండు పక్క సందులో మా ఇల్లు. వాకిట్లో ఒక బండరాయి, దాని పక్కన సుత్తి, పట్టకారు, డెక్క చెక్కే కత్తి, మేకుల డబ్బా. మా పెదనాయన జట్కా తోలేవాడు. గుర్రం కాళ్ళు తమ్ముడివి, మిగతా గుర్రమంతా అన్నగారిది అని మా అమ్మ నవ్వేది.

యాభైలు వెళ్ళి అరవైలు వస్తున్న రోజులు. పెదనాయన మద్రాసు నుంచి ఒక ఆడగుర్రాన్ని తెచ్చాడు. అక్కడ పందేల్లో పరిగెత్తిన గుర్రం. వయసైపోయిందని అమ్మేస్తుంటే కొన్నాడు. మా స్టాండులో గుర్రాలన్నీ పొట్టివి. దాన్ని జట్కాకు కట్టగానే బండి ముందుభాగం పైకి లేచి, లోపల కూర్చున్న మేమంతా వెనక్కి జారి ఒకరి మీద ఒకరం పడ్డాం.

"ఏందన్నా, గుర్రాన్ని తెమ్మంటే ఒంటెను తెచ్చినావు?" అన్నాడు స్టాండులో ఒకాయన.

"నీ గుర్రానికి ఎండ తగలకుండా దీని కడుపు కింద కట్టేసుకోబ్బా" అన్నాడు పెదనాయన.

దానికి అందరూ పెట్టిన పేరు మద్రాసుది. అంతే. మద్రాసుది నీళ్ళు తాగిందా, మద్రాసుది ఉలవలు తిన్నదా అని అడిగేవారు. దానికి ఒక గుణం ఉండేది. వెనక నుంచి ఏదైనా వచ్చి తనను దాటిపోతే ఓర్చుకోలేదు. సైకిలైనా సరే, బస్సైనా సరే. వెనక చప్పుడు వినబడితే చెవులు వెనక్కి పెట్టి పరుగు అందుకునేది. ఒకసారి ఒక ముసలామె బండిలో కూర్చుని ఉంది. వెనక బస్సు హారన్ కొట్టింది. ఇక చూడండి. ఆమె రెండు చేతులతో బండి కర్ర పట్టుకుని, "ఒరే అబ్బయా, నేను పోవాల్సింది ఆస్పత్రికిరా, అల్లా దగ్గిరికి కాదు!" అని అరుస్తూనే పోయింది. ఆస్పత్రి దాటి చాలా దూరం పోయాక గానీ బండి ఆగలేదట.

రంజాన్ పండగ మర్నాడు జట్కావాళ్ళంతా పెళ్ళాంబిడ్డలతో మైపాడు పోయేవారు. జీను రాసుకుని పడిన పుండ్లు ఉప్పునీళ్ళకు మానతాయని గుర్రాలను సముద్రంలో కడిగేవారు. ఆ తర్వాత పందెం. బోర్లించిన పడవల దగ్గర మొదలు, దూరంగా ఒడ్డున పడున్న తాటిదుంగ దగ్గర ఆఖరు. ఇసుకలో ఒక గుర్రం తన్నితే ఇంకోదాని కాలు తెగుతుందని పండగ ముందే లాడాలన్నీ ఊడదీసేవారు. ఆ పని మా నాయనదే. పందెం అయ్యాక ఇంటికొచ్చి, ఒక రోజంతా గుర్రాలను పొడినేల మీద నిలబెట్టి, డెక్క ఆరాక మళ్ళీ లాడం కొట్టేవాడు. నానిన డెక్క మెత్తబడి ఉంటుంది. మేకు ఎటు పోతుందో చేతికి తెలియదు.

మొదటి ఏడు మద్రాసుదాన్ని చూసి అందరూ నవ్వారు. పందెం మొదలైంది. మిగతావన్నీ పోయాయి. ఇది మాత్రం నిలబడి, మెడ పక్కకు తిప్పి సముద్రాన్ని చూస్తోంది. మద్రాసులో ఉన్నదే గానీ, అంత నీళ్ళు అది ఎప్పుడు చూసింది పాపం. పెదనాయన దాని వీపు మీద కూర్చుని కొట్టనూ లేదు, అదిలించనూ లేదు.

"పొద్దుపోయాక పోతుందేమోలే, కూర్చోండి" అన్నాడు వల బాగు చేసుకుంటున్న ఒక చేపలాయన.

అప్పుడు వెనక పక్క నుంచి ఏటవాలుగా ఒక అల వచ్చింది. నురగతో బుసబుసమంటూ ఇసుక మీద పాకుతూ దాని కాళ్ళను దాటబోయింది. మద్రాసుది చెవులు వెనక్కి పడ్డాయి. తనను ఏదో దాటిపోతోందనుకుంది. అంతే, లేచింది. నేను నాయన భుజాల మీద ఉన్నాను. దాని ముందరి కాళ్ళు నేలకు ఆనినట్టే కనబడలేదు. ఒక అల వెనక్కి పోతే ఇంకోటి వచ్చేది, అది వచ్చినప్పుడల్లా ఇది ఇంకా మెడ చాచేది. తడి ఇసుక గట్టిగా ఉంటుంది, మిగతా గుర్రాలు అలకు బెదిరి పొడి ఇసుకలోకి పోయి కూరుకుపోతున్నాయి. ఇది నీళ్ళ అంచునే ఒక్కటే పోయింది. తాటిదుంగ దాటాక కూడా ఆగలేదు, పెదనాయన దాన్ని నడిపించుకుని తిరిగి వచ్చేసరికి మేం అన్నాలు తింటున్నాం.

"గుర్రాలతో కాదురా, ఇది సముద్రంతో పందెమేస్తా ఉండాది!" అన్నాడు ఆ చేపలాయన, వల కింద పడేసి.

ఆ తర్వాత ఏటేటా దాన్ని చూడడానికి కావలి నుంచి కూడా మనుషులు వచ్చేవారు. ప్రతి ఏడూ అది అలాగే నిలబడేది, అల కోసం. జనం అంతా నోళ్ళు మూసుకుని అల కోసం చూసేవారు. అందరూ దాని మెడ చూసేవారు, మా నాయన మాత్రం గొంతుక్కూర్చుని దాని డెక్కలే చూసేవాడు. నేనూ ఆయన పక్కన కూర్చుని అవే చూసేదాన్ని. తడి ఇసుకలో అది వదిలిన గుంటల్లోకి నీళ్ళు ఊరేవి. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ముందు ఆ గుంటలే కనబడతాయి.

చివరి ఏడు కూడా అదే గెలిచింది. సాయంత్రానికి ఇల్లు చేరాం. పెదనాయన గుర్రం మీద నుంచి దిగకుండానే, "లాడం కొట్టేయిరా. తెల్లారి పెళ్ళివాళ్ళను కొడవలూరు దింపాల. మాటిచ్చినా" అన్నాడు.

"ఎల్లుండి కొడతాలే అన్నా. డెక్క నానిపోయుండాది."

"పెళ్ళికూతురు నడిచి పోతాదా? కొట్టరా."

"ఇంకో బండి మాట్లాడు."

"మద్రాసుది గెలిచిందని, దాని బండే కావాలన్నారురా వాళ్ళు. నేను కాదంటానా?"

నాయన సుత్తి, మేకుల డబ్బా తీసుకున్నాడు. అన్నగారి మాట తీసేయడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. కాలు ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టాడు. మూడు కాళ్ళు బాగానే అయ్యాయి. వెనక ఎడమ కాలికి మేకు కొడుతుంటే అది ఒక్కసారి కాలు లాక్కుంది. నాయన మేకు పీకి చూశాడు. కొస ఎర్రగా ఉంది. పసుపు, నూనె కలిపి రంధ్రంలో పోసి, పక్కన ఇంకో మేకు కొట్టాడు.

"మెత్తటి చోట తగిలిందన్నా."

"ఏం కాదులే" అన్నాడు పెదనాయన.

పెళ్ళివాళ్ళను దింపి వచ్చింది. కొన్నాళ్ళు బాగానే తిరిగింది. తర్వాత ఒక పొద్దున ఉలవలు పెడితే నోట్లోకి పోలేదు, జారి కింద పడ్డాయి. నోరు తెరుచుకోవడం లేదు. చెవులు నిక్కబొడుచుకుని, కాళ్ళు నాలుగూ దూరంగా పెట్టి, కొయ్యగుర్రంలా నిలబడింది. సందులో సైకిల్ బెల్లు మోగినా ఒళ్ళంతా వణికేది. పరిగెత్తాలనుకుందో, భయపడిందో. కదలలేకపోయింది.

పశువుల డాక్టరు వచ్చాడు. చుట్టూ తిరిగి చూసి, "ఈమధ్య ఎక్కడైనా మేకు గుచ్చుకుందా?" అని అడిగాడు.

"లేద్సార్" అన్నాడు పెదనాయన వెంటనే.

"గుచ్చుకున్నాది" అన్నాడు నాయన. "నేను కొట్టిన మేకే. వెనక ఎడమ కాలు."

డాక్టరు ధనుర్వాతం అన్నాడు. సూది వేశాడు. దానికి చీకటిగా ఉండాలన్నాడు, చప్పుడు ఉండకూడదన్నాడు. అమ్మ గోనెపట్టాలు కట్టింది. పిల్లలం పక్క వీధిలో ఆడుకున్నాం. అది రెండు రోజులు నిలబడే ఉంది, తర్వాత పడిపోయింది. సందులో ఆడవాళ్ళంతా ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. దాని డెక్కలకు ఇసుక లేకపోవడం చూశాను. అంతవరకే గుర్తు. ఇన్నేళ్ళుగా పిల్లలకు ఈ కథ చెబుతూనే ఉన్నాను, చెప్పేటప్పుడు కూడా ఏమీ అనిపించదు. నోరు దాని పాటికి అది చెబుతుంది.

పెదనాయన నాయనను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని అమ్మ అనేది. కొన్నాళ్ళకు ఒక పొట్టి గుర్రం కొన్నాడు. దాని లాడాలకు మా వాకిటికి రాలేదు. స్టేషన్ దగ్గర కూర్చునే ఇంకొకాయన దగ్గరికి పోయాడు. శుక్రవారం నమాజు అయ్యాక మాత్రం ఎప్పటిలాగే మా ఇంటికి అన్నానికి వచ్చేవాడు. గుర్రాన్ని వాకిట్లో కట్టేసేవాడు. అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన కూర్చుని తినేవారు. ఉలవల ధర, వాన, ఎవరింట్లో పెళ్ళి, అన్నీ మాట్లాడుకునేవారు. మైపాడు పోవడం మాత్రం ఇద్దరూ మానేశారు.

అలా రెండు రంజాన్లు పోయాయి. ఒక శుక్రవారం బండి సందులోకి వస్తుంటే నాయన తల ఎత్తాడు. ఆ చప్పుడులో ఏదో ఒక కాలు వేరుగా మోగుతోంది. నాకూ వినబడింది.

"లాడం ఊగుతా ఉండాది" అన్నాడు అమ్మతో, మెల్లగా.

"ఆయనకే చెప్పు."

నాయన చెప్పలేదు. పెదనాయన కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. అమ్మ ఇద్దరికీ వడ్డించింది. నాయన రెండు ముద్దలు తిని లేచాడు. చెయ్యి కడుక్కుని బయటికి పోయాడు. నేను నీళ్ళ చెంబుతో పెదనాయన ఎదురుగా నిలబడి ఉన్నాను.

బయట గుర్రం ఒకసారి కదిలింది. తర్వాత డెక్కను చెక్కుతున్న చప్పుడు. తర్వాత సుత్తి.

మొదటి దెబ్బకు పెదనాయన చెయ్యి అన్నం మీద ఆగింది. వాకిలి వైపు చూడలేదు. కంచంలోకే చూస్తూ కూర్చున్నాడు. రెండో దెబ్బ పడింది, మూడోది పడింది. గుర్రం కాలు లాక్కోలేదు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి కదలలేదు. సుత్తి ఆగి, మళ్ళీ ఇంకో మేకుకు మొదలైంది.

పెదనాయన అన్నం కలుపుకున్నాడు.

"పాపా," అన్నాడు, "కొంచెం మజ్జిగ పొయ్యి."