మామ డోలక్ లెక్క

మొన్న నిజామాబాద్‌లో మా కాలేజీ బోర్డు మీద ఫిబొనాచీ సంఖ్యలు రాస్తుంటే, వెనక బెంచీ అమ్మాయి ఒకతి బల్ల మీద వేళ్లతో దరువేస్తోంది. కోప్పడబోయి ఆగాను. మా మేనమామ గుర్తొచ్చాడు.

మామ బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు రసం మరిగించేచోట పనిచేసేవాడు. చదువు ఏడో తరగతి. ఎంత రుద్ది స్నానం చేసినా ఒంటి మీది తియ్యటి చెరుకు మడ్డి వాసన పోయేది కాదు. శనివారం భజనకు అత్తరు పూసుకుని వెళితే, రెండూ కలిసి జాతరలో మిఠాయి దుకాణంలా గుబాళిస్తాడని అత్త నవ్వేది. నేను డిగ్రీలో లెక్కలు తీసుకుని, మొదటి ఏడాది సెలవులకు వాళ్లింటికి వెళ్లాను. ఆ రోజు డ్యూటీ దిగి వస్తూనే డోలక్ ఒళ్లో పెట్టుకున్నాడు. "సూడు బిడ్డా. 'త' అంటె ఒక మాత్ర, 'ధీం' అంటె రెండు. మూడు మాత్రలు నింపాలంటె ఎన్ని తీర్లు?" అని వాయించి చూపించాడు: త త త, త ధీం, ధీం త. మూడు. నాలుగు మాత్రలకు అయిదు తీర్లు, అయిదింటికి ఎనిమిది. వెనక సున్నపు గోడ మీద బొగ్గుతో ఎనభై తొమ్మిది దాకా రాసి ఉంది. "వెనకటి రెండు కూడితె ముంగటిదొస్తది. ఎవ్వరు చెప్పలే, నేనే పట్టిన."

"గిది పాతదే మామా, మా బుక్కుల ఎన్నడో ఉన్నది" అన్నాను, కొత్త చదువు పొగరుతో.

డోలక్ మీది చేతులు ఆగిపోయాయి. "ఉన్నదా" అని లేచి లోపలికి వెళ్లిపోయాడు. "గీ లెక్క పట్టుకోని రెండు నెలలాయె, అన్నం తినుకుంట గూడ కంచం మీద కొడ్తుండె" అంది అత్త, నా వైపు చూడకుండా.

మర్నాడు పొద్దున సిగ్గు విడిచి అడిగాను. "కూడితె ఎందుకొస్తది మామా? బుక్కుల గది రాయలే." జాలిపడి అడుగుతున్నానేమోనని కాసేపు నా ముఖం చూశాడు. నిజంగానే నాకు తెలియదు. "ఆఖరి దెబ్బ సూడు. 'త' అయితె దానికన్న ముందు నింపేది ఒక మాత్ర తక్కువ. 'ధీం' అయితె రెండు తక్కువ. మూడోది లేదు గదా! గా రెండు లెక్కలు కూడుడే." నేను బొగ్గు అందుకున్నాను. తర్వాత గోడ మీది ఒక్కో అంకెను దాని ముందుదానితో భాగించి చూపించాను. ఒకసారి కాస్త ఎక్కువ, ఒకసారి కాస్త తక్కువ, ఒకటి పాయింట్ ఆరు ఒకటి ఎనిమిదికి దగ్గరవుతూ పోయింది. దాన్నే బంగారు నిష్పత్తి అంటారని చెప్పాను.

"ఎప్పుడు ముడ్తది దాన్ని?"

"ముట్టదు మామా. దగ్గరికి పోతనే ఉంటది."

ఆయన హాయిగా నవ్వి, ఇద్దరికీ చాయ్ పెట్టమని అత్తను కేకేశాడు.

లెక్చరర్నయినప్పటినుంచి పిల్లలకు, కూడితే ఎందుకొస్తుందో ఆయన మాటల్లోనే చెబుతున్నాను. ఆ ముక్క ఆయనకే చెప్పాలని ప్రతి పండక్కీ అనుకునేదాన్ని. ముందు ఫ్యాక్టరీ మూతపడింది, తర్వాత ఆయనా పోయాడు. ఆ రోజు ఆయన్ను నొప్పించే మాటకు ఒక్క క్షణం చాలింది; మెచ్చుకునే మాటకు మాత్రం ఇన్నేళ్లూ సరిపోలేదు.