దుబాయి పోక, దుబాయి రాక

ఆ రోజుల్లో రాయచూరు బజారులో ఎవడైనా విమానం ఎక్కొచ్చాడంటే, వీధిలోకి ఏనుగొచ్చినంత సంబరం. అలా వచ్చిన ఏనుగు నేనే. పత్తి గింజ తీసే జిన్నింగు యంత్రాల దుకాణంలో పనిచేసేవాణ్ణి. కొత్త యంత్రమేదో చూసి రమ్మని సేఠు నన్ను దుబాయి పంపాడు. తిరిగొచ్చాక ఆరు నెలలు ఆ టికెట్టును సగం బయటికి కనబడేలా జేబులో పెట్టుకు తిరిగాను (చొక్కాలు మారాయిగానీ టికెట్టు మారలేదు, మా ఊరి ఎండకు అప్పడంలా పెళుసెక్కింది). అదే నా కొంప ముంచబోయింది.

మాన్వి ఊరి పత్తి వ్యాపారి ఒకాయన తన కూతుర్ని నాకిస్తానన్నాడు. పిల్లను చూసొచ్చిన నాటినుంచి నాకు అన్నం సయించలేదు (ఆరు రొట్టెలతోనే సరిపెట్టుకునేవాణ్ణి). తాంబూలాలు మార్చుకునే రోజు వాళ్ళింట్లో ఆయన పళ్ళెం పట్టుకుని, నా జేబు చూసి, "అదేంది పిల్లగా?" అన్నాడు. ఆ మాట కోసమే కాచుకున్నవాణ్ణి, చటుక్కున తీసిచ్చాను.

ఆయనవి పత్తి లారీలు. ఏ డ్రైవరైనా పోయిన టైమూ వచ్చిన టైమూ పక్కపక్కన పెట్టి చూడందే ఆయనకు ముద్ద దిగదు. రాక ఆలస్యమైందా, దారిలో పత్తి దిగినట్టు, లేదా మనసు దిగినట్టు. లింగసుగూరులో ఒక డ్రైవరు పెట్టిన రెండో సంసారాన్ని కుర్చీలోంచి లేవకుండానే పట్టాడట.

టికెట్టు చదివాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు. పళ్ళెం ఒళ్ళోకి లాక్కున్నాడు.

"హైదరాబాదుల పదింటికి ఎక్కి దుబాయిల పన్నెండున్నరకు దిగినవ్. వచ్చేటప్పుడు రెండింటికి ఎక్కి ఏడింటికి దిగినవ్. దారి ఒకటే గదా?"

"ఒకటే మామా."

"మరి రెండున్నర గంటలు యాడ ఆగినవ్?"

"ఆగలే మామా! దుబాయి గడియారం మనకంటె గంటన్నర ఎనక. అసలు వచ్చేటప్పుడే జల్ది వస్తది, ఎనకనుంచి గాలి తోస్తది."

"వాహ్! గాలి గూడ నీ దిక్కేనా?"

మా నాన్నే నన్ను అనుమానంగా చూశాడు. "ఏమోనమ్మా, వచ్చిన్నాడు సెంటు వాసనొచ్చింది" అని మేనత్త గొణిగింది (ఆ సెంటు ఆమెకే తెచ్చాను). పక్కగది పరదా వెనక పిల్ల గాజుల చప్పుడు ఆగిపోయింది.

ఆయన దుబాయిలో ఉన్న తమ ఊరి మేస్త్రీకి ఫోను కొట్టించి టైమడిగాడు. తొమ్మిదిన్నర అన్నాడతను. వాళ్ళ గోడ గడియారంలో పదకొండు.

"సూసినవా మామా?"

"సూసిన. ఆనికి గూడ ముందే చెప్పి పెట్టినవ్."

ఇక నా పెళ్ళి గాలికి పోయిందనుకున్నాను. పరదా వెనకనుంచి ఒక గొంతు వచ్చింది: "నాయినా, అబద్ధం చెప్పేటోడు లెక్క కుదిరేటట్టు చెప్తడు గదా. ఈయనది కుదుర్తనే లేదు."

ఆయన గడ్డం గోక్కున్నాడు. మాన్వి నుంచి రాయచూరుకు లారీ పోయొచ్చేంతసేపు ఆలోచించాడు. "నిజమే. నన్ను ముంచిన డ్రైవర్లందరి టైము సాఫుగనే ఉండె," అని పళ్ళెం మా నాన్న చేతిలో పెట్టాడు.

మొన్న మా అబ్బాయి ఉద్యోగం పనిమీద హైదరాబాదు నుంచి విమానంలో బెంగళూరు పోయొచ్చాడు. ఫోనులో చూపించాడు: పోక గంటా ఐదు నిమిషాలు, రాక గంటా ఇరవై. "ఆ పావుగంట యాడ ఆగినవ్ రా?" నోరు జారాక తెలిసింది, అది మామ గొంతని. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నా గొంతులో ఎప్పుడు దిగాడో నేనే చూసుకోలేదు.

వాడు బిత్తరపోయి గాలి సంగతి మొదలెట్టాడు. వంటింట్లో గాజుల చప్పుడు ఆగింది.