పడుగు తీసేసింది నేనే

కథ మధ్యలో ఆగిపోతే ఏం చేయాలని కొత్తగా రాసేవాళ్లు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. ఒకప్పుడు ఒక వారపత్రికలో నేను రాసిన వ్యాసమే అందుకు కారణం. పర్చూరు దగ్గర పత్తిచేల గట్ల మీద, మిరపకాయలు ఆరబోసిన కళ్ళాల పక్కన నడుస్తూ ఆ ఉపాయం నాకు నేనే కనిపెట్టుకున్నానని అందులో రాశాను. అది అబద్ధం. దాన్ని చీరాలలో ఒక నేత ఇంటి వసారాలో, నావల్ల నష్టపోయిన మనిషి నోట విన్నాను.

పందొమ్మిది వందల యాభైల చివర్లో చీరాల బడిలో పనిచేసేవాణ్ణి. ఆ నేత ఇంట్లో ముందుగది అద్దెకు తీసుకున్నాను. ఇంట్లో నేసే ఆయన, ఆయన భార్య, తల్లి ఉండేవారు. తల్లికి అరవై దాటాయి. మగ్గానికి కొత్త పడుగు, అంటే నిలువు పోగుల వరస, అతకడంలో ఆ వీధిలో ఆమెను మించినవాళ్లు లేరు. పక్కిళ్లవాళ్లు కూడా వచ్చి పిలుచుకెళ్లేవారు.

అప్పటికి నాలుగు నెలలుగా ఒక కథ నన్ను పీడిస్తోంది. కాలవ నీళ్ల దగ్గర మాటామాటా పెరిగి విడిపోయిన అన్నదమ్ముల కథ. తమ్ముడు అన్న గుమ్మం దాకా వస్తాడు. అక్కడితో ఆగిపోయేది. నాకో అలవాటుండేది. రాసింది నచ్చకపోతే మొత్తం చించేసి, బల్ల తుడుచుకుని, తెల్లకాగితం మీద మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవాణ్ణి. అంతా శుభ్రంగా ఉంటే ఆలోచన అదే వస్తుందని నమ్మకం. ఎన్నిసార్లు మొదలుపెట్టినా తమ్ముడు ఆ గుమ్మం దాటలేదు.

ఒక ఆదివారం ఇంటాయన నేయడం పూర్తయిన చీర కోసి, భార్యతో వేటపాలెంలో పెళ్లికి బయల్దేరాడు. "అమ్మా, రేపు కొత్త పడుగు అతకాలి. మగ్గం కాస్త దులిపి ఉంచు" అని చెప్పి వెళ్లాడు. ఆమె పొద్దున్నే దులిపేసి, మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చింది. కథ కదలక నేను లేచి మగ్గం గదిలోకి వెళ్లాను. దువ్వెనలాంటి అచ్చులో జానెడేసి పోగులు వేలాడుతున్నాయి. కోసేసిన చీర తాలూకు చెత్త అనుకున్నాను. పెద్దావిడ చూపుకు ఆనక వదిలేసి ఉంటుంది, సాయం చేద్దామని అన్నిటినీ లాగి పారేశాను. అచ్చు శుభ్రంగా కనిపించింది. తృప్తిగా కూడా అనిపించింది.

సాయంత్రం ఇంటాయన కేక విని వసారాలోకి వచ్చాను.

"పోగులేవమ్మా?"

"ఏం పోగుల్రా?"

"అచ్చు బోడిగా ఉంది. రేపు దేనికి అతుకుతావు కొత్త పడుగు? గుడ్డిదానివైపోయావా?"

"దులిపానంతేరా. గుడ్డ తగులుకుని వచ్చేశాయేమో."

కొత్త పడుగును నేరుగా ఎక్కించరనీ, అచ్చులో మిగిల్చిన పాత పోగుల కొసలకు ఒక్కో కొత్త పోగునూ మెలిపెట్టి ముందుకు లాగుతారనీ వాళ్ల మాటల్లో అప్పుడు తెలిసింది. ఆ కొసలు లేకపోతే వేల పోగుల్ని ఒక్కొక్కటిగా అచ్చులో దూర్చాల్సిందే. నేనే తీశానని చెప్పడానికి నోరు తెరిచాను.

"మీరు లోపలికెళ్లండి మాస్టారూ. ఇది మా ఇంటి గొడవ" అన్నాడాయన.

వెళ్లిపోయాను. ఆ మాట నాకు అక్కరకొచ్చింది.

మర్నాటి నుంచి భార్యాభర్తలు మగ్గానికి అటొకరు, ఇటొకరు కూర్చుని పోగులు దూర్చడం మొదలుపెట్టారు. పెద్దావిడ వసారాలో నా గది గుమ్మం పక్కన కూర్చునేది.

"మీరు వెళ్లలేదేం పెద్దమ్మా?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"రానివ్వట్లేదు పంతులుగారూ. నా చూపు మీద వాడికి నమ్మకం లేదంట." కాసేపు తన వేళ్లు తనే చూసుకుంది. "నాకూ లేదనుకో. జానెడు పాతది మిగిలితే చాలయ్యా. ఎంత పొడుగు పడుగైనా దాని వెనకాలే నడిచొచ్చేస్తది. నున్నగా తుడిచేస్తే ఇదిగో, ఇట్టా మళ్లీ మొదటికొచ్చి కూచోవాల."

నేను గదిలోకి వెళ్లి, బుట్టలో చించి పడేసిన కాగితాలు ఏరి ముక్కలు కలిపి చదివాను. ఈసారి మొదటి నుంచి రాయలేదు. తమ్ముడు గుమ్మం ముందు చెప్పులు విడిచాడని ఒక వాక్యం రాసి, రెండోది సగంలో వదిలేసి లేచాను. మర్నాడు ఆ సగం నుంచే అందుకున్నాను. ఏ రోజు రాత ఆపినా, తర్వాతి మాట తెలిసిన చోటే ఆపాను. పది రోజుల్లో కథ పూర్తయింది. అచ్చయింది, నాకు పేరు తెచ్చింది. ఎలా రాశారో చెప్పమని పత్రికవాళ్లు వ్యాసం అడిగారు. ఆమె మాట రాస్తే పోగుల సంగతీ రాయాలి. అందుకని మిరప కళ్ళాల పక్కన నడిచినట్టు రాశాను. అప్పటికి నాకు పర్చూరు వైపు బదిలీ అయింది గనక ఎవరూ అనుమానించలేదు.

నేను చీరాల వదిలే నాటికే పక్కిళ్లవాళ్లు ఆమెను పిలవడం మానేశారు. అది చూస్తూనే సామాను సర్దుకున్నాను.

ఆరేళ్ల తర్వాత మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను. ఆమె వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. లోపల మగ్గం ఆడుతోంది. నేనెవరో చెప్పుకున్నాక, జరిగింది చెప్పాను. ఆమె చేయి ఆపలేదు.

"నాకెందుకు, వాడికి చెప్పు. గట్టిగా చెప్పు, మగ్గం చప్పుడులో వినపడదు."

గట్టిగా చెప్పాను. మగ్గం ఆగింది. ఆయన బయటికొచ్చి నావైపు, తల్లివైపు చూశాడు.

"కాఫీ తాగుదురుగాని రండి మాస్టారూ."

"కాఫీ తర్వాత" అంది ఆమె. "నన్నేమన్నావో అది ముందు వెనక్కి తీసుకో."

"ఏమన్నానే?"

"గుడ్డిదానివన్నావు."

ఆయన గడప మీద కూలబడ్డాడు. "తప్పేనే అమ్మా. రా, రేపు పడుగు నువ్వే అతుకుదువుగాని" అన్నాడు.

ఆమె చింతపండు పళ్లెం పక్కకు జరిపి, గొంతు వచ్చిన వైపు మొహం తిప్పింది.

"ఇప్పుడు నిజంగానే చూపు ఆనట్లేదురా. అప్పుడు శుభ్రంగా కనపడేది."